గొర్రె పోయింది, సాక్ష్యం ఏది? పులి, చిరుత, తోడేలు: 150 ఏళ్ళ లెక్క

ఇవాళ మీ అందరికీ తెలిసిన కథతోనే మొదలుపెడదాం. గొర్రెలు కాసే పిల్లోడు ఊరికే "నాన్నా పులి" అని అరుస్తాడు. జనం కర్రలు పట్టుకుని ఉరికొస్తారు. పులి ఉండదు. రెండోసారీ అంతే. మూడోసారి నిజంగానే పులి వస్తుంది, జనం రారు. చిన్నప్పటి నుంచి వింటున్నాం కదా. ఇది గ్రీకు దేశపు ఈసప్ కథ. అసలు కథలో ఉన్నది పులి కాదు, తోడేలు. కథ మన దగ్గరికి వచ్చేసరికి తోడేలుకి ప్రమోషన్ వచ్చి పులి అయ్యింది.

నాకు ఇది చిన్న మార్పులా అనిపించదు. ఎందుకంటే మా తిరుమలగిరి వైపు మందకు అసలు శత్రువు కూడా తోడేలే. ఇటు జనగామ రోడ్డు, అటు సూర్యాపేట రోడ్డు, మధ్యలో పత్తి చేన్లు, బోడ గుట్టలు, తుమ్మ చెట్లు, పడావు భూములు. పులి దాక్కునే అడవి మా దగ్గర లేదు. అయినా కథలో పులే కావాలి. పులికి స్టార్ వాల్యూ ఉంది. పులి గురించి పుస్తకాలున్నాయి, సినిమాలున్నాయి, కోర్టు కేసులున్నాయి. తోడేలు గురించి అడిగితే "అది కుక్క లెక్క ఉంటది" అని వదిలేస్తారు.

కాబట్టి ఈ ఎపిసోడ్‌లో మూడింటినీ కలిపి చూద్దాం. అడవి జంతువు మనిషినో పశువునో చంపినప్పుడు సర్కారు డబ్బులు ఎవరి చేతికి ఇచ్చింది? ఏం చూపిస్తే ఇచ్చింది? నేను పట్టుకున్న ప్రశ్న ఇదొక్కటే. బోర్ కొట్టే ప్రశ్నలా ఉంది కదా. కానీ దీన్ని పట్టుకుని పోతే 150 ఏళ్ళ చరిత్ర దారి చూపిస్తుంది.

ముందు ఇంగ్లీషోళ్ళ కాలం. వాళ్ళ దృష్టిలో అడవి అంటే శిస్తు రాని భూమి. అడవి కొట్టి దున్నితేనే శిస్తు. దున్నాలంటే ఎద్దు కావాలి, ఎద్దును తినేది పులి. అంటే పులి రెవెన్యూ డిపార్ట్‌మెంట్‌కి శత్రువు. అందుకని పులిని చంపి తోలో తలో తెచ్చి చూపిస్తే బహుమానం. చిరుతకు ఒక రేటు, తోడేలుకు ఒక రేటు. మహేశ్ రంగరాజన్ అనే చరిత్రకారుడు ఆ రికార్డులు తిరగేసి లెక్క తీశాడు. 1875 నుంచి 1925 వరకు, 50 ఏళ్ళలో, బహుమానం కోసం చంపినవి: పులులు 80,000 పైన, చిరుతలు 1,50,000 పైన, తోడేళ్ళు 2,00,000. ఇది లెక్కలోకి ఎక్కినవి మాత్రమే. అన్నిటికంటే పెద్ద నంబరు ఎవరిదో చూశారా? తోడేలుదే.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఆ డబ్బు ఎవరికి పోయింది? చంపినవాడికి. ఆవు పోగొట్టుకున్న రైతుకి కాదు, గొర్రె పోగొట్టుకున్న కాపరికి కాదు. పులి శవం చూపిస్తే డబ్బు, నీ ఆవు శవం చూపిస్తే "అయ్యో పాపం". పైగా 1878లో ఆయుధాల చట్టం తెచ్చి, లైసెన్సు లేకుండా జనం తుపాకీ పెట్టుకోవద్దన్నారు. ఊరోడి చేతిలో తుపాకీ తీసేస్తే ఏమవుతుంది? తుపాకీ ఉన్న దొర వచ్చి కాపాడాలి. "నరభక్షకిని చంపిన సాహెబు" కథలన్నీ ఈ సెటప్ మీద నిలబడినవే. ఆ వేటగాళ్ళలో ధైర్యవంతులు లేరని నేను అనను. కెన్నెత్ ఆండర్సన్ 1954లో వేసిన మొదటి పుస్తకంలో చామల లోయ పులి కథ ఉంటుంది. ఆ చామల లోయ ఎక్కడో కాదు, తిరుపతి పక్కన. మంచి కథ, చదవండి. చదివేటప్పుడు ఆ ఊరోళ్ళ చేతుల్లో ఏముందో కూడా చూడండి.

మన నల్గొండ అప్పుడు బ్రిటిష్ వాళ్ళది కాదు, నిజాం రాజ్యం. ఇక్కడ బహుమానం కంటే వేట ముచ్చట ఎక్కువ. హైదరాబాద్ కంటింజెంట్ సైన్యంలో కర్నల్ నైటింగేల్ అని ఒకాయన, 1868లో చనిపోయాడు. ఈ రాజ్యంలో 300కు పైగా పులుల్ని కొట్టాడని రాశారు. ఒక్క మనిషి! ఇవాళ తెలంగాణలో ఎన్ని పులులున్నాయో తెలుసా? 2022 లెక్కలో 21. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కి వేట పిచ్చి. మనం వెటకారానికి వాడే "తీస్ మార్ ఖాన్" పేరు ఆయన చంపిన పులుల వల్లే వచ్చిందని హైదరాబాద్‌లో చెప్పుకుంటారు. 1902 ఏప్రిల్‌లో వైస్రాయ్ కర్జన్ వచ్చి క్యాంపు వేసింది వరంగల్ వైపు నెక్కొండలో. అవును, రైలు ఆగే ఆ నెక్కొండే. మా ఊరి నుంచి వంద కిలోమీటర్లు కూడా ఉండదు. రాజా దీన్ దయాళ్ స్టూడియో తీసిన ఫోటోలు ఇప్పటికీ ఉన్నాయి. చచ్చిన పులి ముందు, వెనక టోపీలు పెట్టుకున్న పెద్దమనుషులు.

దొరల వేటంటే మంచె మీద సాహెబు ఉంటాడు. కింద ఎరగా కట్టిన దూడ ఉంటుంది. మరి పులి తనంతట తానే వచ్చి తుపాకీ ముందు నిలబడదు కదా! చుట్టుపక్కల ఊర్ల మనుషులు డప్పులు కొడుతూ, కేకలు వేస్తూ, పొదలు బాదుతూ దాన్ని మంచె వైపు తోలాలి. గాయపడ్డ పులి మొదట ఎవరి మీద పడుతుందో మీరే ఊహించుకోండి.

మా వైపు గొర్లకాపరికి ఇంకో బాధ ఉండేది. వెట్టి. దొర ఇంట్లో పెళ్ళైనా పండగైనా గొర్రెను ఉత్తగా ఇవ్వాలి. తోడేలు ఎత్తుకుపోతే కనీసం కుక్కల్ని ఉసిగొల్పొచ్చు, దొర మనుషులు వస్తే తలుపు తీసి మంచి పొట్టేలును చూపించాలి. 1946 జూలై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తుపాకీకి బలైన దొడ్డి కొమరయ్య కురుమ బిడ్డ, మందల కులంలో పుట్టినవాడు. కడవెండి మా తిరుమలగిరికి దగ్గర్లోనే ఉంటుంది. ఈ విషయం సబ్జెక్టుకి కొంచెం పక్కదే, నాకు తెలుసు. కానీ మా ప్రాంతంలో మంద మీద పడేవాటి చరిత్ర చెబుతూ దొరను వదిలేస్తే లెక్క తప్పుతుంది.

ఇప్పుడు పెద్ద మలుపు. 1972లో పులుల్ని లెక్కపెడితే దేశం మొత్తం మీద తేలినవి 1,827. అదే ఏడాది వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1973 ఏప్రిల్ 1న ప్రాజెక్ట్ టైగర్ మొదలైంది. నిన్నటిదాకా చంపితే బహుమానం, ఇవాళ చంపితే జైలు. ఇవాళ పులి, చిరుత, తోడేలు మూడూ షెడ్యూల్ 1లో ఉన్నాయి, అంటే అన్నిటికంటే గట్టి రక్షణ. మరి మనుషుల మీద పడితే? చట్టంలో 11వ సెక్షన్ ఉంది. జంతువు మనిషి ప్రాణానికి ప్రమాదంగా మారితే, రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ కారణాలు రాసి, రాతపూర్వకంగా ఆర్డర్ ఇవ్వొచ్చు. అది కూడా పట్టుకోవడం, మత్తుమందు ఇవ్వడం, వేరేచోటికి తరలించడం కుదరదని తేలితేనే కాల్చాలి. గమనించండి, మనిషి ప్రాణానికి. గొర్రెల ప్రాణానికి కాదు. నీ మంద మొత్తం పోయినా ఆ సెక్షన్ నీకు పనికిరాదు, నీకున్నది నష్టపరిహారం ఒక్కటే.

చట్టం తప్పని నేను అనట్లేదు. అది లేకపోతే ఈ ఎపిసోడ్‌లో పులిని "ఉండేది" అని చెప్పాల్సి వచ్చేది. కానీ మారిందేంటో చూడండి. అప్పుడు పులి శవానికి డబ్బు, ఇప్పుడు ఆవు శవానికి డబ్బు. న్యాయమైన మార్పే. అయితే ఇప్పుడు మొత్తం భారం ఒక కాగితం మీద పడింది. ఆ కాగితం టైముకి కదిలితే పులి బతుకుతుంది, కదలకపోతే చస్తుంది. ఎలాగో చెప్తా.

ముందు అందరికీ తెలిసిన కేసు, తిరుమల. మా తిరుమలగిరి కాదు, వెంకన్న తిరుమల. 2023 ఆగస్టు 11 రాత్రి అలిపిరి నడకదారిలో ఆరేళ్ళ పాపను చిరుత చంపేసింది. అంతకు ముందు జూన్‌లో ఒక బాబు మీద దాడి జరిగితే అదృష్టం కొద్దీ బతికాడు. తర్వాత టీటీడీ, అటవీశాఖ కలిసి బోన్లు పెట్టి వరసగా చిరుతల్ని పట్టాయి. మధ్యాహ్నం 2 తర్వాత చిన్నపిల్లల్ని నడకదారిలోకి పంపలేదు. భక్తుల చేతికి కర్రలిచ్చారు. కర్ర మీద మీమ్స్ ఎన్ని వచ్చాయో మీకు గుర్తుండే ఉంటుంది. నిజానికి కర్ర పెద్ద వింత కాదు, మన కాపరి చేతిలో ఎప్పుడూ ఉండేదే. అసలు పని చేసేది గుంపుగా నడవడం, పిల్లల్ని మధ్యలో పెట్టుకోవడం, దారి పక్కన తిండి పారేయకపోవడం. తిండి పారేస్తే కుక్కలు, పందులు చేరతాయి, వాటి కోసం చిరుత వస్తుంది. అది వచ్చేది మన కోసం కాదు.

ఇక మన ఉమ్మడి నల్గొండకి వద్దాం. "మా జిల్లాలో ఇవేమీ లేవు" అనుకునేవాళ్ళకి మర్రిగూడ మండలం గుర్తుచేస్తా. 2020 జనవరిలో అక్కడ ఒక చిరుత చిక్కితే మత్తుమందు ఇచ్చి హైదరాబాద్ జూకి పంపారు. అదే ఏడాది మే నెలలో అదే మండలంలో ఇంకో చిరుత ఉచ్చులో పడింది. మత్తు ఇచ్చి జూకి తీసుకుపోతుంటే దారిలోనే చచ్చిపోయింది. ఆ ఉచ్చు చిరుత కోసం పెట్టింది కాదు, అడవి పందుల కోసం పెట్టింది. పంది చేను తింటుంది, రైతు ఉచ్చు పెడతాడు, పందిని తినే చిరుత అందులో పడుతుంది. పందుల్ని ఉచితంగా తగ్గించిపెట్టే జంతువునే మనం పందుల ఉచ్చుతో చంపుకున్నాం. దీన్ని దేనితో పోల్చాలో నాకు తెలియడం లేదు. యాంటీవైరస్‌ను డిలీట్ చేయడంతో అనుకోండి.

ఇప్పుడు ఉత్తరానికి, కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లాకి. అసలు కథ అక్కడుంది. ప్రాణహిత దాటితే మహారాష్ట్ర, తడోబా అడవులు. అక్కడ పులులు పెరిగాయి, పిల్ల పులులకు కొత్త జాగా కావాలి. 2015 ప్రాంతంలో ఫాల్గుణ అనే ఆడపులి నది దాటి కాగజ్‌నగర్ అడవికి వచ్చి పిల్లల్ని పెట్టింది. అటవీశాఖకు పండగే. కానీ కాగజ్‌నగర్ టైగర్ రిజర్వ్ కాదు. పక్కనున్న కవ్వాల్‌కి పోయే దారి, కారిడార్ అంటారు. అడవి ముక్కలు, మధ్యలో ఊర్లు, ఊర్ల చుట్టూ పత్తి. నల్లమలలో చెంచులున్నారు, వాళ్ళనే అటవీశాఖ కాపలాకు, పులి జాడలు చూడడానికి పెట్టుకుంది, పెద్ద అడవి ఒకే పట్టున ఉంది. ఇక్కడ అలా లేదు.

మూడు తేదీలు చెప్తా. 2020 నవంబర్ 11, దహెగాం మండలం దిగిడ దగ్గర ఒక యువకుడు. 2020 నవంబర్ 29, పెంచికల్‌పేట మండలం కొండపల్లి దగ్గర పత్తి ఏరుతున్న అమ్మాయి. 2024 నవంబర్ 29, కాగజ్‌నగర్ మండలం గన్నారం దగ్గర పత్తి ఏరుతున్న 21 ఏళ్ళ మహిళ. ఆ మర్నాడే సిర్పూర్ వైపు ఒక రైతు మీద దాడి, ఆయన బతికాడు.

మూడు మరణాలూ నవంబర్‌లోనే. ఎందుకు? మా వైపు పత్తి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. నవంబర్ అంటే ఏరుడు. చెట్టు నడుముదాకా, ఒక్కోచోట భుజందాకా ఉంటుంది. కూలీ రోజుకింత కాదు, కిలోకింత. అందుకని పొద్దున్నే దిగాలి, వంగి ఏరుతూనే ఉండాలి, తల ఎత్తితే కిలోలు తగ్గుతాయి. నిలబడ్డ మనిషిని చూస్తే పులి మామూలుగా పక్కకి తప్పుకుంటుంది. వంగి, ఆకుల మధ్య కదిలే ఆకారం దానికి మనిషిలా కనపడదు. అంటే ప్రమాదం పులి దగ్గర ఎంతుందో, కూలీ రేటు కట్టే పద్ధతిలో కూడా అంతే ఉంది.

గన్నారం తర్వాత అటవీశాఖ మాస్కులు పంచింది. మనిషి ముఖం బొమ్మ ఉన్న మాస్కు, తల వెనక పెట్టుకోవాలి. పులి వెనక నుంచే వస్తుంది కాబట్టి ముఖం కనపడితే ఆగుతుందని. ఇది మనం కనిపెట్టింది కాదు, 1986లో బెంగాల్ సుందర్‌బన్స్‌లో మొదలైంది. మొదట్లో బాగానే పనిచేసింది. దాన్ని నవ్వులాట చేయొద్దు. కానీ ఎండలో వెనకాల మాస్కు, ముందు పత్తి సంచి, చేతులు ఖాళీ ఉండవు. దానికంటే పది మంది కలిసి ఏరడం, పొద్దెక్కాక దిగడం, నాలుగుకల్లా ఇంటికి రావడం మేలు. అధికారులు ఇవీ చెప్పారు. మరి ఆ తగ్గిన రెండు గంటల కూలీ ఎవరిస్తారు?

చనిపోయిన మహిళ కుటుంబానికి 10 లక్షల పరిహారం ప్రకటించారు. మనిషి పోతే కెమెరాలొస్తాయి, ఎమ్మెల్యే వస్తాడు, ఫైలు కదులుతుంది. ఆవు పోతే? పశువు చచ్చిన చోటే ఉంచాలి, ముట్టుకోవద్దు. అటవీశాఖ వాళ్ళొచ్చి పంజా గుర్తులు చూస్తారు. పశువుల డాక్టరు విలువ కడతాడు. పంచనామా, ఫోటోలు, ఫైలు. పశువును అక్కడే ఉంచడానికి ఇంకో మంచి కారణం ఉంది. పులి రెండు మూడు రోజులు అదే తింటుంది. లాగి పడేస్తే ఆకలి తీరదు, ఇంకోదాన్ని చంపుతుంది. అంతా సైంటిఫిక్కే. కానీ ఆ రెండు మూడు రోజులు ఆ శవం అడవిలో ఉంది, ఓనర్ కోపంగా ఉన్నాడు, ఇంట్లో పురుగుమందు డబ్బా ఉంది.

2024 జనవరిలో కాగజ్‌నగర్ అడవిలో కొద్ది రోజుల తేడాతో రెండు పులులు చచ్చి కనిపించాయి. పులి చంపిన పశువు మీద విషం చల్లారన్న కోణంలో విచారణ నడిచింది, పశువుల కాపర్లను అరెస్టు చేశారు. నేను వాళ్ళని సమర్థించను. కానీ ఒక్కటి అడుగుతా. సాయంత్రం ఆవు చచ్చి, మర్నాడు మధ్యాహ్నానికి సగం డబ్బైనా ఫోన్‌లో పడితే, ఆ డబ్బా మూత ఎంతమంది తీస్తారు? ఫోన్‌పేలో చాయ్‌కి పది రూపాయలు సెకన్లో పోతున్న కాలంలో ఇది రాకెట్ సైన్స్ కాదు.

మనలో సిటీ, ఊరు అనే తేడా కూడా ఉంది. ఆదిలాబాద్ దాటి పెన్‌గంగ అవతల, యవత్‌మాల్ జిల్లా పాండర్‌కవడ దగ్గర అవని అనే ఆడపులి ఉండేది. 13 మరణాలు దాని ఖాతాలో వేశారు. 2018 నవంబర్ 2న దాన్ని కాల్చింది హైదరాబాద్ వేటగాడు నవాబ్ షఫత్ అలీ ఖాన్ కొడుకు అస్ఘర్ అలీ. నగరాల్లో నిరసనలు, ట్విట్టర్‌లో హ్యాష్‌ట్యాగులు. అక్కడి ఊర్లలో టపాసులు. కాల్చిన తీరు మీద వచ్చిన ప్రశ్నలు నిజమైనవే. టపాసులు కాల్చినవాళ్ళ భయం కూడా నిజమే. 2025 మేలో మన సర్కారు కుమ్రం భీం జిల్లాలో కన్జర్వేషన్ రిజర్వ్ అని జీవో 49 ఇస్తే ఆదివాసీలు రోడ్డెక్కారు, జూలైలో దాన్ని పక్కన పెట్టారు. "పులి వస్తే మేం పోవాలి" అని వాళ్ళకు అర్థమైంది. అలా అర్థం కావడానికి వెనక చాలా ఏళ్ళ అనుభవం ఉంది.

సరే, మళ్ళీ మా వైపు, తోడేలు దగ్గరికి. పులి విషయంలో కనీసం శవం మిగులుతుంది. తోడేలు గొర్రెపిల్లను నోట కరుచుకుని పోతుంది. ఏమీ మిగలదు. నాలుగు బొట్ల రక్తం, కొంచెం ఉన్ని. మా ఊర్లో మంద వెంట జీవితమంతా నడిచిన ఒక తాతని అడిగా, "తాతా, తోడేలు పట్టుకుపోతే ఆఫీసుల చెప్పేటోళ్ళా?" అని. "ఏం చూపియ్యాలె బిడ్డా, గొర్రెపిల్ల లేదని చూపియ్యాల్నా?" అన్నాడు. మా ఐటీలో ఒక మాట ఉంది, లాగ్ లేకపోతే బగ్ జరగనట్టే అని. తాత చెప్పింది అదే.

2017 జూన్‌లో రాష్ట్రంలో గొర్రెల పంపిణీ మొదలైంది. యూనిట్‌కి 20 గొర్రెలు, 1 పొట్టేలు, 75 శాతం సబ్సిడీ. పశువుల ఇన్సూరెన్స్‌లో మాత్రం రూల్ పాతదే. చెవికి ట్యాగు ఉంటేనే క్లెయిము. తోడేలు చెవితో సహా తీసుకుపోతే ట్యాగు ఎక్కడి నుంచి తెస్తాం? ఇంకోటి, కాపరి సొంత ఊర్లో కూర్చోడు. మేత కోసం నెలల తరబడి మందతో తిరుగుతాడు, రాత్రికి ఎవరో రైతు చేన్లో ఎరువు కోసం మంద పెడతాడు. గొర్రె పోయిన ఊర్లో ఏ ఆఫీసరు ఎవరో కూడా తెలీదు.

అందుకే వాళ్ళ పద్ధతులు వాళ్ళకున్నాయి. చుట్టూ వల, లోపల పిల్లల్ని మధ్యలో పెట్టడం, రెండు మూడు మంచి కుక్కలు, గొంగడి కప్పుకుని మంద అంచునే పడుకోవడం. ఈ చరిత్ర మొత్తంలో తుపాకీ కంటే ఎక్కువ గొర్రెల్ని కాపాడింది మంద అంచున పడుకున్న ఆ మనిషే అని నా అభిప్రాయం. దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరలో లింగమంతుల స్వామి దగ్గరికి లక్షల మంది వస్తారు. అక్కడ పెద్దవాళ్ళ పక్కన కూర్చుని వినండి, ఏ బుక్కులో దొరకనివి దొరుకుతాయి.

మరి ఆ తోడేళ్ళు ఇప్పుడు ఎన్నున్నాయి? దేశం మొత్తం మీద సుమారు 3,000 అని అంచనా. పులులు 2022 లెక్కలో 3,682. అంటే ప్రమోషన్ రాని తోడేలు పులి కంటే తక్కువే మిగిలింది. దానికి రిజర్వులు కూడా పెద్దగా లేవు, ఎందుకంటే అది ఉండేది అడవిలో కాదు, మనం "బంజరు" అని రాసే గుట్టల్లో, గడ్డి భూముల్లో. ఆ గుట్టలు క్వారీలవుతున్నాయి, ఆ భూములు వెంచర్లవుతున్నాయి. తోడేలు పోయిన జాగాలో ఊరకుక్కల గుంపులు వచ్చాయి. ఒక్క రాత్రిలో దొడ్డిలో పడి పదీ ఇరవై గొర్రెల్ని కొరికేసిన వార్తలు మీరు పేపర్లో చూస్తూనే ఉంటారు. కుక్క అడవి జంతువు కాదు కాబట్టి అటవీశాఖ పరిహారం దానికి వర్తించదు. శవాలు ఇరవై ఉన్నా సరే!

మీ ఇంట్లో, మీ ఊర్లో మంద వెంట నడిచిన పెద్దవాళ్ళుంటే ఒక్క ప్రశ్న అడగండి. చివరిసారి తోడేలును ఏ గుట్ట దగ్గర, సుమారు ఏ ఏడాది చూశారు? గుట్ట పేరు, ఊరు, మండలం కామెంట్‌లో రాయండి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, జనగామ వైపు వాళ్ళు ముఖ్యంగా. వచ్చినవన్నీ ఒక మ్యాప్ మీద పెట్టి వచ్చే నెల చూపిస్తా.